మాంసం నాణ్యతను కాపాడే మార్గాలు – తినదగిన పొరల శాస్త్రం

ఆదివారం ఉదయం మన ఇళ్లలో చాలామంది చేసే మొదటి పని సంచి పట్టుకుని మాంసం కొట్టుకు వెళ్లడం. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా ఈ అలవాటు ఒక్కటే. కొట్టువాడు నల్లటి పలుచని కవరులో వేసి ఇస్తాడు. ఇంటికి తెచ్చి గట్టు మీద పెడతాం. చుట్టాలు వచ్చాక, అంటే ఏ పన్నెండు గంటలకో, పొయ్యి మీదికి ఎక్కుతుంది. ఈ నాలుగైదు గంటల్లో ఆ మాంసంలో ఏమి జరుగుతున్నదో ఎప్పుడైనా ఆలోచించారా? జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, కొంత లెక్క – ఈ మూడూ కలిస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. ఈ పాఠంలో మాంసం ఎందుకు చెడుతుంది, దాన్ని ఎలా కాపాడతారు, తినదగిన పొరలు అంటే ఏమిటి అనే విషయాలు వరుసగా తెలుసుకుందాం.

1. కండరం మాంసంగా మారే విధానం

కొవ్వు తక్కువగా ఉన్న మాంసంలో సుమారు 75 శాతం నీరు, 20 శాతం వరకు మాంసకృత్తులు ఉంటాయి. మిగిలినది కొవ్వు, ఖనిజాలు, కొద్దిపాటి పిండిపదార్థం. ఆ పిండిపదార్థం పేరు గ్లైకోజన్. పరిమాణంలో అది చాలా తక్కువైనా మాంసం నాణ్యతను నిర్ణయించేది ముఖ్యంగా అదే.

జంతువును కోసిన తరువాత రక్తప్రసరణ ఆగిపోతుంది, ప్రాణవాయువు అందదు. అయినా కండరంలోని కణాలు కొంతసేపు పనిచేస్తూనే ఉంటాయి. ప్రాణవాయువు లేకుండానే గ్లైకోజన్‌ను వాడుకుని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. దానివల్ల మొదట 7 దగ్గర ఉన్న పీహెచ్ విలువ క్రమంగా 5.5 – 5.8 వరకు దిగుతుంది. ఈ కొద్దిపాటి ఆమ్లత్వం మనకు మేలు చేస్తుంది, ఎందుకంటే సూక్ష్మజీవుల పెరుగుదల కొంత మందగిస్తుంది.

కణాలలో శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం అయిపోగానే కండరపు పోగులు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. దీనినే రిగర్ మార్టిస్ అంటారు. కోడిలో ఇది కొద్ది గంటల్లోనే వస్తుంది. మేక, గొర్రెలలో ఎక్కువ సమయం పడుతుంది. ఆ బిగువులో ఉన్న మాంసాన్ని వండితే ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. తరువాత కండరంలోనే ఉన్న కాల్పెయిన్ వంటి ఎంజైములు పోగులను నెమ్మదిగా తెంచడంతో మాంసం మెత్తబడుతుంది. కోసి కొన్ని గంటలైన వేట మాంసాన్ని ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రి ఉంచి మరునాడు వండితే మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. లారీలో కుక్కి చాలా దూరం తెచ్చిన జంతువు, ఎక్కువసేపు ఆకలితో ఉన్న జంతువు, భయపడి పెనుగులాడిన జంతువు తన గ్లైకోజన్‌ను ముందే ఖర్చు చేసుకుంటుంది. కోసిన తరువాత లాక్టిక్ ఆమ్లం చాలినంత తయారు కాదు. పీహెచ్ 6 కంటే పైనే నిలిచిపోతుంది. అటువంటి మాంసం ముదురు రంగులో, జిగటగా ఉండి త్వరగా చెడుతుంది. కనుక జంతువును దయగా చూడడం ధర్మం మాత్రమే కాదు, నాణ్యతకు మొదటి మెట్టు కూడా. నీళ్లు, విశ్రాంతి ఇచ్చిన జంతువు మాంసమే మంచి మాంసం.

2. మాంసం ఎందుకు చెడుతుంది?

ముఖ్యంగా మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది సూక్ష్మజీవులు. ఆరోగ్యంగా ఉన్న జంతువు కండరం లోపల సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవు. చర్మం, పేగులు, కత్తి, మొద్దు, చేతులు, ఈగలు – వీటి ద్వారానే పైకి చేరతాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి బాగా పెరుగుతాయి. అందుకే దీనిని ప్రమాద మండలం అంటారు. అనుకూల పరిస్థితుల్లో కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతాయి. ఒక చిన్న లెక్క వేద్దాం. ఉదయం 7 గంటలకు ఒక్క బ్యాక్టీరియా ఉన్నదనుకోండి. గంటకు 3 రెట్టింపులు. మధ్యాహ్నం 1 గంటకు 6 గంటలు, అంటే 18 రెట్టింపులు. 2ను 18 సార్లు గుణిస్తే 2,62,144 వస్తుంది. గట్టు మీద పెట్టిన కవరులో జరిగేది ఇదే. అదే మాంసాన్ని 4 డిగ్రీల దగ్గర ఉంచితే ఈ వేగం చాలా తగ్గిపోతుంది, కాని పూర్తిగా ఆగిపోదు. చలిలోనూ పెరిగే సూడోమోనాస్ వంటివి ఉన్నందువల్లనే ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చి కోడి మాంసం కూడా రెండు రోజులకు మించి ఉంచకూడదంటారు.

రెండవది ప్రాణవాయువు. కొవ్వు గాలితో కలిసి ఆక్సీకరణం చెందితే పాత నూనె వాసన వస్తుంది. రంగు మారడానికీ గాలే కారణం. మాంసానికి ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్ అనే పదార్థం. లోపల గాలి తగలని చోట అది ఊదారంగులో ఉంటుంది, గాలి తగలగానే నిగనిగలాడే ఎరుపు అవుతుంది, అందులోని ఇనుము ఆక్సీకరణం చెందితే గోధుమరంగుకు తిరుగుతుంది. కనుక రంగు మారినంత మాత్రాన చెడిపోయిందని, ఎర్రగా ఉన్నంత మాత్రాన తాజాదని అనుకోరాదు. వాసన, జిగట, నిల్వ ఉన్న సమయం – అన్నీ కలిపి చూడాలి.

మూడవది తడి ఆరిపోవడం. పైభాగం ఎండి తోలులాగా అవుతుంది. బరువు తగ్గుతుంది, అమ్మేవారికి అది నేరుగా నష్టం.

ముక్కల కంటే కైమా త్వరగా చెడటానికి కారణం కూడా మీరు ఇప్పుడు చెప్పగలరు. నూరినప్పుడు ఉపరితల వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైన ఉన్న సూక్ష్మజీవులు లోపలికంతా కలిసిపోతాయి.

3. కాపాడే పద్ధతులు – పాతవి, కొత్తవి

ఎండబెట్టడం: తెలంగాణలో ఒట్టి తునకలు, తమిళనాడులో ఉప్పుకండం అనేవి ఈ కోవకు చెందినవే. సన్నగా కోసి ఉప్పు, పసుపు పట్టించి ఎండలో ఆరబెడతారు. ఇందులో శాస్త్రం ఏమిటి? సూక్ష్మజీవికి కావలసింది వాడుకోవడానికి వీలుగా ఉన్న నీరు. దీనిని వాటర్ యాక్టివిటీ అనే కొలతతో చెబుతారు. శుద్ధజలానికి 1 అయితే తాజా మాంసానికి సుమారు 0.99. ఇది 0.91 కంటే తగ్గితే చాలా బ్యాక్టీరియాలు పెరగలేవు. 0.6 కంటే తగ్గితే బూజు కూడా పెరగదు. ఎండ నీటిని తీసేస్తుంది, ఉప్పు మిగిలిన నీటిని పట్టి ఉంచుతుంది.

చల్లబరచడం, గడ్డకట్టించడం: మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, కాని చావవు. నెమ్మదిగా గడ్డకట్టిస్తే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీలుస్తాయి, కరిగించినప్పుడు రసమంతా కారిపోతుంది. వేగంగా గడ్డకట్టిస్తే స్ఫటికాలు చిన్నవిగా ఉండి నష్టం తగ్గుతుంది. ఒకసారి కరిగించిన మాంసాన్ని మళ్లీ గడ్డకట్టించరాదు. కరిగించడం కూడా బయట పెట్టి కాకుండా ఫ్రిజ్ కింది అరలోనే జరగాలి.

వేడి చేయడం: ఫ్రాన్స్ దేశస్థుడు నికొలాస్ అప్పేర్ గాలి చొరబడని సీసాలలో ఆహారాన్ని మరిగించి నిల్వచేసే పద్ధతిని 1810లో ప్రకటించాడు. నేడు దానికి కొత్త రూపం రిటార్ట్ పౌచ్. కూరను గట్టి పొరల సంచిలో మూసి సుమారు 121 డిగ్రీల వద్ద ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. అప్పుడు అది ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తుంది. సైనికుల ఆహారం కోసం మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల ఈ రంగంలో ఎంతో కృషి చేసింది.

మెత్తబరచడం: పచ్చి బొప్పాయి ముక్కలోని పపెయిన్, అల్లంలోని ఎంజైము మాంసకృత్తులను విడగొడతాయి. ముదురు మాంసానికి ఇవి పనికివస్తాయి. మోతాదు మించితే పైభాగం పిండిలాగా అవుతుంది.

గాలి తీసివేయడం: వాక్యూమ్ ప్యాకింగులో గాలి తీసివేస్తారు. మరో పద్ధతిలో గాలికి బదులు బొగ్గుపులుసు వాయువు, నత్రజని మొదలైనవి తగుపాళ్లలో నింపుతారు.

అడ్డంకుల సిద్ధాంతం: జర్మనీకి చెందిన మాంస శాస్త్రవేత్త లోథార్ లైస్ట్నర్ వీటన్నిటినీ కలిపి హర్డిల్ టెక్నాలజీ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. పరుగుపందెంలో ఒక్క అడ్డంకిని దూకగలిగినవాడు వరుసగా ఐదింటిని దూకలేక అలసిపోతాడు. సూక్ష్మజీవి కూడా అంతే. మన మాంసం పచ్చడిని తీసుకోండి. నూనెలో వేయించి నీరు తీసివేయడం ఒక అడ్డంకి, ఉప్పు రెండవది, నిమ్మరసపు పులుపు మూడవది, పైన తేలే నూనె గాలిని ఆపడం నాలుగవది. మన నాయనమ్మలకు ఆ పేరు తెలియదు, పద్ధతి మాత్రం తెలుసు. వీటిలో ఏ ఒక్కటి తగ్గించినా, ఉదాహరణకు ఆరోగ్యం కోసమని ఉప్పు సగం వేసినా, నిల్వ కాలం కూడా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

4. తినదగిన పొరలు అంటే ఏమిటి?

ద్రాక్షకు తొక్క, గుడ్డుకు పెంకు లోపలి పొర ఎలా ఉన్నాయో, అలాగే ఆహారానికి మనం తయారుచేసి తొడిగే పలుచని పొరనే తినదగిన పొర అంటారు. ఇది ఆహారంతో పాటే కడుపులోకి వెళుతుంది. పారవేయవలసిన పని లేదు. ఊహ కొత్తదేమీ కాదు. గొర్రె పేగును శుభ్రంచేసి అందులో కైమా కూరి సాసేజ్ చేయడం అనేక దేశాలలో శతాబ్దాలుగా ఉంది. ఎగుమతి చేసే రొయ్యలను గడ్డకట్టించిన తరువాత చల్లని నీటిలో ముంచి తీస్తే పైన సన్నని మంచు పొర ఏర్పడి ఎండిపోకుండా కాపాడుతుంది. అన్నిటికంటే సులువైన తినదగిన పొర ఇదే అనవచ్చు.

ఈ పొరలను తయారుచేసే పదార్థాలు మూడు రకాలు.

(అ) పిండిపదార్థాల జాతి: ఆల్జినేట్, క్యారజినన్, అగర్, గంజి, కైటోసాన్. ఇవి ప్రాణవాయువును బాగా ఆపుతాయి, నీటి ఆవిరిని అంతగా ఆపలేవు.

(ఆ) మాంసకృత్తుల జాతి: జెలటిన్, కొల్లాజెన్, పాలలోని కేసిన్. ఇవి గట్టి పొరనిస్తాయి. సాసేజ్ తొడుగులలో నేడు కొల్లాజెన్ ఎక్కువగా వాడతారు.

(ఇ) కొవ్వులు, మైనాలు: తేనెమైనం వంటివి. ఇవి తడి పోకుండా ఆపుతాయి, కాని పెళుసుగా ఉంటాయి.

ఏ ఒక్కటీ అన్ని పనులూ చేయలేదు గనుక రెండు మూడు కలిపి వాడతారు. పొర విరగకుండా మెత్తగా ఉండటానికి కొద్దిగా గ్లిజరిన్ చేరుస్తారు.

ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. సోడియం ఆల్జినేట్ ద్రావణంలో మాంసపు ముక్కను ముంచి, తరువాత కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచితే సోడియం స్థానంలోకి కాల్షియం చేరి పొడుగాటి అణువులను ఒకదానికొకటి కట్టివేస్తుంది. క్షణాల్లో జెల్లీ వంటి పొర ఏర్పడుతుంది. ఈ పొరలో నీరు ఎక్కువగా ఉంటుంది కనుక ముందు పొరలోని నీరే ఆరిపోతుంది, లోపలి మాంసం తడి అంతవరకు నిలుస్తుంది. ఇంటి యజమానికి బదులు కాపలాదారు దెబ్బ తిన్నట్లన్నమాట.

కైటోసాన్ కథ మన తీరప్రాంతాలకు చెందినది. నెల్లూరు, భీమవరం మొదలుకొని ఒడిశా తీరం వరకు రొయ్యల సాగు జరుగుతున్నది. తల, పెంకు వ్యర్థంగా మిగులుతాయి, కుళ్లితే దుర్వాసన. ఈ పెంకులను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే సున్నపు ఖనిజాలు పోతాయి. పలుచని కాస్టిక్ సోడాతో మాంసకృత్తులు పోతాయి. మిగిలినది కైటిన్. దానిని గాఢమైన కాస్టిక్ సోడాలో వేడిచేస్తే ఎసిటైల్ సమూహాలు తొలగి కైటోసాన్ వస్తుంది. ఇది నీటిలో కరగదు, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది. అప్పుడు దాని ఎమైనో సమూహాలు ధనావేశం పొందుతాయి. బ్యాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటుంది. రెండూ ఆకర్షించుకుని బ్యాక్టీరియా పొర దెబ్బతిని లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. చెత్తగా పారవేసిన పెంకు మాంసానికి కాపలాగా మారడం రసాయనశాస్త్రపు గొప్పతనం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (1957) ఈ కైటిన్, కైటోసాన్‌ల తయారీపై పరిశోధన చేసిన ముఖ్య సంస్థలలో ఒకటి.

ఈ పొరలలో లవంగ నూనె, దాల్చినచెక్క నూనె వంటివి చాలా కొద్దిగా కలిపితే సూక్ష్మజీవులను అదుపుచేసే గుణం పెరుగుతుంది. లవంగంలోని యూజెనాల్ దీనికి కారణం. మసాలా రుచికి అలవాటుపడిన మనకు ఆ వాసన ఇబ్బంది కాదు. కాని మోతాదు మించితే మాంసం అసలు రుచిని మింగేస్తుంది.

5. పరిమితులు కూడా తెలుసుకోవాలి

తినదగిన పొర చల్లదనానికి ప్రత్యామ్నాయం కాదు, అది మరొక అడ్డంకి మాత్రమే. మాంసం మొదటే అపరిశుభ్రంగా ఉంటే పొర దాన్ని బాగుచేయలేదు. దుమ్ము, చేతులు తగలకుండా పైన మరొక శుభ్రమైన కవరు తప్పనిసరి. రొయ్యలు పడనివారికి పెంకు నుంచి తీసిన పదార్థం విషయంలో జాగ్రత్త అవసరం, కనుక ముద్రణలో ఆ వివరం ఉండాలి. ఖర్చు మరొక అడ్డు. పరిశోధనశాలలో పనిచేసిన ప్రతిదీ కొట్టు గట్టు మీదికి రావడానికి ఇంకా దూరం ఉంది. ఆ దూరాన్ని తగ్గించే పని మీ తరానిది.

తల్లిదండ్రులు మరో సంగతి గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఉప్పు, నైట్రైట్, పొగ వంటివాటితో నిల్వచేసిన మాంసాన్ని క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. సాసేజ్, సలామీ వంటివి రోజువారీ ఆహారం కాకూడదు. తాజా మాంసాన్ని తక్కువ మోతాదులో, శుభ్రంగా వండుకోవడమే మేలు.

6. ఇంట్లో పాటించవలసినవి

• పాత దినపత్రికలో కట్టిన మాంసం తీసుకోవద్దు. అచ్చు సిరాలోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయి. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు దినపత్రికలలో ఆహారం చుట్టడాన్ని నిషేధించాయి.
• 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ చేతిసంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. మూత ఉన్న స్టీలు డబ్బా వెంట తీసుకువెళ్లండి. పూర్వం టేకు, మోదుగ ఆకులలో కట్టి ఇచ్చిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి.
• తెచ్చిన వెంటనే వండండి, లేదా ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో పెట్టండి. రసం కారి కూరగాయల మీద పడకూడదు.
• కుళాయి కింద చిమ్మేలా కడగవద్దు. ఆ తుంపరలతో సూక్ష్మజీవులు గట్టంతా పాకుతాయి. గిన్నెలో నెమ్మదిగా కడిగి, తరువాత గట్టును, చేతులను సబ్బుతో కడగండి.
• మాంసం కోసిన కత్తిపీట కడగకుండా ఉల్లిపాయలు, కీరదోస తరగవద్దు.
• కోడి మాంసం మధ్యభాగం కూడా 74 డిగ్రీలకు చేరేలా బాగా ఉడకాలి.

7. ఒక ప్రయోగం

మాంసంతో కాకుండా బంగాళాదుంపతో చేయండి. ఒకే పరిమాణంలో రెండు ముక్కలు కోసి విడివిడిగా తూచండి. కిరాణా కొట్టులో దొరికే చైనా గ్రాస్ (ఇది సముద్రపు నాచు నుంచి తీసిన అగర్) కొద్దిగా నీటిలో మరిగించి, గోరువెచ్చగా అయ్యాక గడ్డకట్టక ముందే ఒక ముక్కను ముంచి తీయండి. రెండింటినీ పళ్లెంలో ఉంచి మరునాడు చూడండి. పొర ఉన్న ముక్క మీది పొరను వలిచి తూచండి. తగ్గిన బరువును మొదటి బరువుతో భాగించి 100తో గుణిస్తే నష్ట శాతం వస్తుంది. ఉదాహరణకు 50 గ్రాముల ముక్క 41 గ్రాములైతే నష్టం 18 శాతం. మీ రెండు ముక్కల నష్టాన్ని పోల్చి, తేడాకు కారణం నోటుపుస్తకంలో రాయండి. ప్రయోగం తరువాత ఆ ముక్కలను తినవద్దు.

8. ఏమి చదవాలి? ఎక్కడ చదవాలి?

ఈ రంగంలోకి పశువైద్యం, ఆహార సాంకేతిక శాస్త్రం, మత్స్యశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, ప్యాకేజింగ్ – ఏ దారిన వచ్చినా రావచ్చు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ 1950లో ప్రారంభమైంది. హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో 1999లో స్థాపించిన మాంసంపై జాతీయ పరిశోధన సంస్థ ఉంది. తమిళనాడులో ఉన్నవారికి చెన్నైలోని పశువైద్య విశ్వవిద్యాలయం, తంజావూరులోని జాతీయ ఆహార సాంకేతిక సంస్థ, కర్ణాటక వారికి బీదరులోని పశువైద్య విశ్వవిద్యాలయం, మహారాష్ట్ర వారికి నాగపూర్‌లోని పశు, మత్స్య శాస్త్రాల విశ్వవిద్యాలయం, ఒడిశా వారికి భువనేశ్వర్‌లోని వ్యవసాయ సాంకేతిక విశ్వవిద్యాలయం, యానాం వారికి పుదుచ్చేరిలోని రాజీవ్ గాంధీ పశువైద్య సంస్థ ఉన్నాయి. ప్యాకేజింగ్ చదవదలచినవారికి ముంబయిలో 1966లో స్థాపించిన భారత ప్యాకేజింగ్ సంస్థ ఉంది. ప్రవేశ నిబంధనలు, స్థానికత నియమాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటాయి కనుక ఆ ఏటి ప్రకటన స్వయంగా చదివి దరఖాస్తు చేసుకోవాలి.

చివరిగా ఒక్క మాట. మాంసం కొట్టు, కోళ్ల ఫారం, చేపల బుట్ట మీద బతికే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. నాన్న చేసే పని ఏమిటని బడిలో అడిగితే "వ్యాపారం" అని గొంతు తగ్గించి చెప్పే పిల్లలను చూశాం. అలా తగ్గించవలసిన అవసరం లేదు. పీహెచ్, ఎంజైము, వాటర్ యాక్టివిటీ – ఈ పాఠంలోని మాటలన్నీ ఆ కొట్టు గట్టు మీద రోజూ జరుగుతున్న సంగతులే. మీరు ఇక్కడ నేర్చినది ఈ రాత్రి ఇంట్లో చెప్పండి. కొట్టు మొద్దును వేడినీటితో కడగడం, మాంసం మీద ఈగలు వాలకుండా జాలీ పెట్టడం, కోసిన మాంసాన్ని చల్లగా ఉంచడం – ఈ మూడు మార్పులు మీ ద్వారా జరిగినా మీ చదువు ఎన్నో ఇళ్ల పిల్లలను కాపాడినట్లే.

అభ్యాసం

1. అలసిన జంతువు మాంసం త్వరగా ఎందుకు చెడుతుంది? గ్లైకోజన్, పీహెచ్ అనే మాటలు వాడి వివరించండి.
2. ఒక బ్యాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపయితే 4 గంటల తరువాత ఎన్ని ఉంటాయి? (జవాబు: 4,096)
3. మాంసం పచ్చడిలో సూక్ష్మజీవులకు ఎదురయ్యే నాలుగు అడ్డంకులు ఏవి?
4. కైటోసాన్ బ్యాక్టీరియాను ఎలా అదుపుచేస్తుంది?
5. మీ ఊరి మాంసం కొట్టులో ఈ పాఠం ప్రకారం సరిగా ఉన్నవి మూడు, మార్చవలసినవి మూడు గమనించి రాయండి. ఎవరినీ నొప్పించకుండా, కొట్టు యజమానిని గౌరవంగా అడిగి తెలుసుకోండి.